నీడపట్టు

రాహేలు పొద్దున్నే చైర్మన్ కొండన్న వాకిలి ఊడ్చేటప్పుడు అన్ని నీడల మీదా చీపురు పోనిచ్చేది. ఒక్క నీడ కాడికి వచ్చేసరికి మాత్రం చీపురు చంకన పెట్టుకొని, వంగి చేత్తో చెత్త ఏరేది. ఆ నీడ ఆమె మొగుడు దేవపాలుది.

పెన్నగడ్డ ఊరు ప్రొద్దుటూరికీ జమ్మలమడుగుకూ నడుమ ఏటి ఒడ్డున ఉంటుంది. పేరుకు మున్సిపాలిటీ. కొళాయిలున్నాయి, వాటిలో నీళ్లు లేవు. చెట్లు కూడా లేవు. బాంబులేసేవాళ్లు చాటున దాక్కుంటారని కొన్నిటిని కొట్టేసినారు, మిగిలినవి పొయ్యిల్లోకి పోయినాయి. చుట్టూ నాపరాయి గనులు. ఆ ఊర్లో ఎండ పైనుంచి ఒకసారి కాలుస్తుంది, రాళ్ల మీద పడి లేచి ఇంకోసారి కాలుస్తుంది.

అట్లాంటి ఊర్లో కొండన్నకు అయిదు నీడలుండేవి. ఒకటి తనది, సన్నది. తక్కినవి ఆయన పార్టీ జెండా పట్టుకొని చచ్చిన మనుషులవి. పొద్దున ఆయన అరుగు దిగి కుర్చీలో కూర్చుంటే అయిదూ విసనకర్ర మాదిరి విచ్చుకునేవి. అర్జీలు పట్టుకొచ్చినవాళ్లు, కోర్టు వాయిదాలకు పోయేవాళ్లు, పింఛను ముసలమ్మలు ఎవరికి తగ్గ చోట వాళ్లు ఆ నీడల్లో సర్దుకునేవాళ్లు. 'కొండన్న నీడన బతుకుతాండం' అని ఊర్లో సగం మంది చెప్పుకునేవాళ్లు. అది వట్టి మాట కాదు.

"నన్ను నమ్మి సచ్చినోళ్లప్పా వీళ్లు" అనేవాడు కొండన్న. "సచ్చినా నన్ను ఇడిసిపెట్టలేదు. నమ్మకమంటే అది."

ఊరు ఔననేది. నమ్మినోని నీడ నమ్మించినోని కాళ్ల కాడికి పోతుందని అందరికీ తెలిసిన సంగతే.

దేవపాలు నాపరాళ్లు మోసి మోసి కుడిభుజం వాలిపోయిన మనిషి. అయిదేండ్ల కిందట, పోయిన ఎన్నికలప్పుడు, కొండన్న జీపులో కరపత్రాలు తేవడానికి ప్రొద్దుటూరికి బయల్దేరినాడు. ఏటి వంతెన మీద జీపు పేలింది. చేసింది అవతలి పార్టీ పుల్లన్న మనుషులేనని కొండన్న మైకులో ఏడ్చినాడు. శవం ఏట్లో దొరకలేదు. అంతవరకూ ఎవరికేస్తారో తెలియకుండా ఉండిన క్రైస్తవుల పేట మొత్తం ఆ వారం ఒక్క గుర్తుకే గుద్దింది. కొండన్న గెలిచినాడు. గెలిచి, రాహేలును పిలిపించి మున్సిపాలిటీలో ఊడ్చే పని ఇప్పించినాడు. మొగుని తీసుకొని చీపురిచ్చినాడని అప్పుడు ఎవరూ అనలేదు. మంచోడు అన్నారు.

రాహేలు అడిగింది ఒక్కటే.

"అన్నా, పూడ్చుకునేదానికి నాకు శవం గూడ లేదు. ఆ నీడనన్నా ఇయ్యి. సమాధుల తోటలో పెట్టుకుంటా."

ఆమె ముందే చర్చి అయ్యగారు ఆనందయ్యను అడిగి వచ్చింది. ఆయన కండ్లజోడు తుడుచుకొని, "నీడను పూడ్చగూడదని బైబిల్లో యాడా లేదమ్మా" అన్నాడు. ఆమె అత్తామామల సమాధుల పక్కన గుంత తవ్వించుకుంది. ఏడాదికొకసారి వానకు అది పూడిపోయేది. మళ్లీ తనే తవ్వుకునేది.

ఆ పొద్దు కొండన్న నవ్వలేదు, కోప్పడలేదు. "యాడికి పోతాది నీ మొగుడు, నా కాడ సల్లగుండాడు. ఇస్తాలే" అన్నాడు. అట్లా అయిదేండ్లు గడిచిపోయినాయి.

మళ్లీ ఎన్నికలొచ్చినాయి. ఈసారి గాలి కొండన్న వైపు లేదు. కొళాయిల మాట ఎత్తితే ఆడోళ్లు బిందెలు బోర్లించి చూపిస్తాండారు. పుల్లన్న పార్టీలో ఉస్మాన్ అని ఒకడు లేచినాడు. కువైట్‌లో పదేండ్లు డ్రైవరుగా చేసి వచ్చిన మనిషి. తాటిచెట్టంత పొడుగు, నోరు అంతకంటే పొడుగు. సందుసందుకూ మైకు పట్టుకొని పోయేవాడు.

"కొండన్న నీడలో కూర్చుంటే సల్లగానే ఉంటాదప్పా. లేసి సూసుకో, ఎనక గుడ్డ ఉండదు!"

జనం పడిపడి నవ్వినారు. ఆ మాట కొండన్న అరుగు దాకా వచ్చింది. కొండన్న కూడా నవ్వి, పక్కనున్న దాసయ్యతో అన్నాడు. దాసయ్య ఆయన కుడిచెయ్యి, జీపులూ మనుషులూ అన్నీ వాని అజమాయిషీలోనే.

"వాడు శానా పొడుగు గదరా దాసా. వాని నీడ ఒక్కటుంటే మనకు షామియానా బాడుగ మిగుల్తాది."

దాసయ్య నవ్వలేదు. తలూపినాడు. అరుగు కింద చెత్త ఏరుతున్న రాహేలుకు ఆ తల ఊపడం కనిపించింది గానీ, అందులో ఏముందో అప్పుడు తెలియలేదు.

ఆమెను పైకి రమ్మన్నాడు కొండన్న. "ఏం మే రాహేలూ, పేటలో మనోళ్లు మొగం తిప్పుకుంటాండారంట?"

"నీళ్లు లేవన్నా."

"నువ్వు నా పక్కన నడువు. ఇంటింటికీ తిరుగు. నీ మొగుని నీడ ఒక పక్క, నువ్వు ఒక పక్క. అది సూసినాంక ఎవడు నీళ్లడుగుతాడో సూస్తా."

"మరి నా నీడ?"

"గెలవనీ మే, ఇస్తా."

ఆమె నడిచింది. అరికాళ్లు బొబ్బలెక్కేట్టు నడిచింది. పేటలో ప్రతి గడప ముందరా నిలబడి, "ఇదే కడాసారి, నా కోసం వెయ్యండి. నా మొగుడు ఇంటికొస్తాడు" అని చేతులు పట్టుకుంది. ఒకామె కొంగుతో కండ్లొత్తుకుంది. ఇంకొకామె, "నీ మొగుడు రావడానికి మేం ఇంకా అయిదేండ్లు దప్పికతో సావాల్నా?" అని తలుపేసుకుంది. రాహేలు ఆ తలుపు ముందర కూడా దండం పెట్టింది. పక్కన దేవపాలు నీడ, ఒక భుజం వాల్చుకొని, కొండన్న చెప్పుల్ని పట్టుకొని ఈడ్చుకుంటా వచ్చేది.

ప్రచారం ముగిసే రోజు పేట నడుమ మీటింగు పెట్టినారు. వేదికకు పులివెందుల అరటిగెలలు కట్టినారు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా కొడతాంది. కొండన్న కొళాయిల గురించి మాట్లాడతాండాడు. అప్పుడు ప్రొద్దుటూరు రోడ్డు వైపు నుంచి ఢామ్మని వినిపించింది. గనుల్లో మందు పేల్చినారనుకొని ఎవరూ తల తిప్పలేదు.

కాసేపటికి వీధి చివర ఒక నీడ కనిపించింది. దాన్ని వేసే మనిషి లేడు. కాలవలోకి వదిలిన నీళ్ల మాదిరి జరజరా పాక్కుంటా వచ్చింది. నులకమంచాల మీదుగా, కూర్చున్నవాళ్ల ఒళ్ల మీదుగా వచ్చి, వేదిక ఎక్కి, కొండన్న మడమలకు అతుక్కుంది. అతుక్కొని చాపుకుంది. ఎంత పొడుగు! వేదిక దిగి, మూడు వరసలు దాటి, చర్చి గోడకెక్కింది తల.

ఆ పొడుగు ఊర్లో ఒక్కనిదే.

రాహేలు జనంలో ముందు వరసలో ఉంది. కొండన్న కిందికి చూసినాడు. చూసి, మైకు నోటి దగ్గరికి తీసుకున్నాడు.

"సూడండప్పా! ఉస్మాన్ గూడ పార్టీ మారినాడు!"

ఎవరో కిసుక్కుమన్నారు. దాసయ్య చప్పట్లు కొట్టినాడు. ఎండలో మాడుతున్న ఒక ముసలామె మనవణ్ణి చంకకెత్తుకొని ఆ పొడుగు నీడలోకి జరిగింది. "రా రా, ఈడ సల్లగుండాది" అని పక్కనామెను పిలిచింది. ఆమె వచ్చింది. తర్వాత ఇంకో నలుగురు. చివరికి పోలీసులు కూడా వచ్చి, ఆ నీడలోనే కుర్చీ వేసుకొని పంచనామా రాసుకున్నారు.

రాహేలు ఒక్కతే ఎండలో నిలబడిపోయింది. ఉస్మాన్ ఈ మనిషిని ఏనాడు నమ్మినాడు? తిట్టినవాడు గదా! నమ్మనివాని నీడ కూడా వచ్చిందంటే, నీడ వచ్చేది నమ్మకానికి కాదు. ఆరోజు అరుగు మీద నవ్వుతా అన్న మాటా, దాసయ్య తల ఊపడమూ ఆమెకు గుర్తొచ్చినాయి. చెయ్యి ఎవరిదైనా, నీడ పోయేది మాట కాడికి. చావు మొదలైన నోటి కాడికి.

అంటే దేవపాలూ అట్లే వచ్చినాడు.

ఆమె అరవలేదు. అరిస్తే వినేవాళ్లంతా నీడలో ఉన్నారు. పైగా, తెలిసినాక నీడ మీద ఆశ ఇంకా గట్టిపడింది. చంపినోని కాళ్ల కింద మొగుణ్ణి వదిలి యాడికి పోతుంది? పోలింగు రోజు క్యూలో నిలబడి కొండన్న గుర్తుకే ముద్ర వేసి వచ్చింది.

కొండన్న పోయినసారి కంటే ఎక్కువ మెజారిటీతో గెలిచినాడు. ఊరేగింపు దిగి అరుగెక్కుతాంటే రాహేలు అడ్డం నిలబడింది.

"గెలిస్తివి గదన్నా. నా నీడ ఇయ్యి."

కొండన్న దండలు తీస్తా ఆమెను చూసినాడు. "కోసి ఇచ్చేదానికి ఇదేమన్నా గుడ్డముక్కనా మే? దాసా, కత్తెర తెప్పించరా, రాహేలుకు రెండు గజాలు కొలిచి ఇద్దాం."

అరుగంతా నవ్వింది. నవ్వినవాళ్లలో పేటవాళ్లు కూడా ఉన్నారు. ఆమె చేతులు పట్టుకొని ఓటేసినవాళ్లు.

మరుసటి వారం నుంచి ఉస్మాన్ భార్య ఫాతిమా వచ్చి ఆ పొడుగు నీడ కొసన కూర్చోవడం మొదలుపెట్టింది. కొండన్నే, "కూసోనీలేప్పా, ఓటర్లే గదా" అన్నాడు.

"నీది ఏదక్కా?" అని అడిగింది ఫాతిమా ఒకరోజు.

"ఆ భుజం వాలినది."

"ఎన్నాళ్లయింది?"

"అయిదేండ్లు."

"అయిదేండ్ల నుంచి ఈని వాకిలి ఊడుస్తాండావా?" ఫాతిమా ముసుగు లోపలి నుంచి చూసింది. "నా వల్ల గాదక్కా. మిట్టమధ్యాన్నం ఈ నీడలు యాడికి పోతాయి?"

"కాళ్ల కిందికి."

"ఆ యాళకు ఈడు యాడికి పోతాడు?"

అది రాహేలుకు తెలుసు. మధ్యాహ్నం నీడలన్నీ ముడుచుకుపోయినప్పుడు కొండన్న మామూలు మనిషి మాదిరి కనిపించేవాడు. ఆ రూపు గన్‌మెన్‌లకు కూడా చూపించడు. మూతబడిన నాపరాళ్ల షెడ్డులో ఒంటరిగా బండ మీద పడుకుంటాడు. ఆ షెడ్డు ఊడ్చేది ఆమే. చెప్పకుండా ఉండొచ్చు. చీపురు తీసుకొని లేచిపోవచ్చు. కత్తెర మాటకు అరుగు నవ్విన నవ్వు చెవిలో ఇంకా ఉంది.

"నాపరాళ్ల షెడ్డులో" అంది. "ఒక్కడే. గడియ పెట్టడు."

ఫాతిమా ఆ మాటను పుల్లన్నకు మోసింది. శుక్రవారం మధ్యాహ్నం పుల్లన్న మనుషులు షెడ్డులోకి పోయినారు. పుల్లన్న తన ఇంటి ముందర, కాలే బండల మీద, చెప్పులిడిచి నిలబడి, నీడలొస్తాయని కాళ్లకేసి చూసుకుంటా ఉన్నాడు. వెనక మనుషులు దండ పట్టుకొని ఉన్నారు. పని అయిపోయిందని కబురొచ్చింది. పొద్దు వాలింది. పుల్లన్న కాళ్ల కాడ ఆయన నీడ ఒక్కటే పడింది.

అప్పుడు రాహేలు తన ఇంటి ముందర గిన్నెలు తోముకుంటాంది. అరికాళ్లకు చల్లగా తగిలింది. నీళ్లొలికినాయేమో అనుకుంది. పొద్దు వాలేకొద్దీ ఆ చలువ చాపుకుంది. ముందు కొండన్నది, సన్నది. దాని వెనక పొట్టేలి వెంట వచ్చే మంద మాదిరి తక్కినవి. ఉస్మాన్‌ది ఎదురింటి గోడ దాకా పోయింది. అన్నిటికంటే చివర, భుజం వాల్చుకొని, దేవపాలు.

"వచ్చినావా?" అంది రాహేలు. అని, షెడ్డు చూపించిన మాట తనదేనని అర్థమై, బూడిద చేతుల్తోనే నోరు మూసుకుంది.

అట్లే లేచి సమాధుల తోటకు పోయింది. ఆనందయ్య అయ్యగారు వాక్యం చదివినాడు. ఆమె గుంత అంచున నిలబడి దేవపాలు నీడ అడుగున పడేట్టు చూసుకుంది. మన్ను పోసినారు. నీడ మన్ను మీదికొచ్చింది. ఇంకా పోసినారు. ఎంత పోస్తే అంత పైకి వచ్చింది. గుంత నిండిపోయింది, నీడ పైన పడుకునే ఉంది, ఒక కొస ఆమె మడమలకు అతుక్కొని.

అయ్యగారు పుస్తకం మూసినాడు. "నువ్వు గూడ లోపలుంటేనే అది లోపలుంటాదేమోనమ్మా" అన్నాడు.

ఆమె తిరిగొచ్చేసరికి ఇంటి ముందర జనం. ఆమె గడపలో కూలబడగానే వాళ్లు ఎవరి చోటు వాళ్లు సర్దుకొని నీడల్లో కూర్చున్నారు. చంటిపిల్లల తల్లులు కొండన్న నీడను వదిలి ఉస్మాన్ నీడలోకి జరిగినారు. దాసయ్య రెండు చేతులా కుర్చీ మోసుకొచ్చి వేసినాడు. మొన్నటిదాకా ఆమెను "ఏయ్" అని పిలిచినవాడు, చేతులు కట్టుకున్నాడు.

"అక్కా, మళ్లీ ఎన్నిక పెడతారంట. నువ్వే నిలబడాల. నీ నీడన బతుకుతాం."

రాహేలు కుర్చీకేసి చూసింది. కాళ్లు నొప్పి పెడుతున్నాయి. కూర్చుంది.

ఎదురుగా, నీడ అందని చోట, ఎండలో ఫాతిమా నిలబడి ఉంది. జనాన్ని దాటుకొని దగ్గరికి వచ్చింది.

"అక్కా, నీకు తెలుసు గదా ఈ బాధ. మా ఉస్మాన్‌ను నాకిచ్చెయ్. ఖబరస్తాన్‌లో పెట్టుకుంటా."

ఇవ్వడానికి రాదని రాహేలు చెప్పాల. చెప్పడానికే నోరు తెరిచింది. జనమంతా తలలెత్తి ఆమె ఏమంటుందోనని చూస్తాండారు. దాసయ్య చూస్తాండాడు. చీపురు మూలన పడి ఉంది.

"గెలవనీ మే" అంది. "ఇస్తా."