మీ ఇష్టమండి

మన కృష్ణా జిల్లావాళ్ళకి ఓ మర్యాద జబ్బుంది. పెద్దవాళ్ళెవరైనా "ఏం కావాలమ్మా?" అని అడిగితే చాలు, కావాల్సింది గొంతులోనే దిగమింగి "మీ ఇష్టమండి" అనేస్తాం. కాఫీనా, టీనా అన్నప్పుడైతే ఆ మాటతో పోయేదేమీ లేదు. డిగ్రీలో మైనర్ సబ్జెక్టు ఎంచుకునేటప్పుడూ అదే మాటంటే మాత్రం డిగ్రీ అయ్యేదాకా అనుభవించాలి.

సింధూరి సరిగ్గా ఆ పనే చేసింది. విజయవాడలో ఆడపిల్లల కాలేజీ, బీఎస్సీ కెమిస్ట్రీ మొదటి ఏడాది. సాయంత్రంలోగా మైనర్ రిజిస్టర్ చేసుకోవాలి. ఒకసారి చేసుకున్నాక మార్చరు. అడ్వైజర్ స్టెల్లా మేడమ్ కంప్యూటర్ ముందు కూర్చుని, "కంప్యూటర్స్‌లో సీట్లున్నాయి, ఆక్వాకల్చర్‌లోనూ ఉన్నాయి. ఏది పెట్టమంటావ్?" అని అడిగింది. సింధూరి ప్రాణమంతా ఆక్వాకల్చర్ మీదే, ఆ చేపలూ రొయ్యల పెంపకం మీదే ఉంది.

"మీ ఇష్టం మేడమ్," అంది.

పక్కన వాళ్ళమ్మ నాగలక్ష్మి. ఓటీపీ ఆవిడ ఫోనుకే వస్తుంది కాబట్టి పొద్దున్నే బందర్లో బస్సెక్కి వచ్చింది. గిలకలదిండి హార్బర్లో చేపల వేలం నడిపే మనిషి. ఆవిడ నోరు విప్పితే పడవల మీది మగాళ్ళు కూడా మాటలాపేస్తారు. అలాంటిది ఇక్కడ కుర్చీ అంచున కూర్చుని, కొంగు భుజాల చుట్టూ లాక్కుని, "తమరి ఇష్టమండి" అని గొణిగింది. చేతులు ఒళ్ళో దాచుకుంది.

"ఇద్దరూ నా ఇష్టమంటే ఎలాగమ్మా? చదివేది నేనా?" అంది మేడమ్. పొద్దుట్నించీ ఇదే పాట విని విని ఆవిడకీ విసుగొచ్చినట్టుంది. "సరే, చాలామంది కంప్యూటర్సే తీసుకుంటున్నారు, అదే పెట్టేస్తా."

నాగలక్ష్మి మొహం విప్పారింది. సింధూరి మొహంలో నెత్తురుచుక్క లేదు. మేడమ్ ఆ రెండు మొహాలూ చూసి, మౌస్ మీంచి చెయ్యి తీసేసి లేచింది.

"నేను టీ తాగొస్తా. ఇప్పుడిక్కడ మేడమ్ లేదు, తల్లీకూతుళ్ళే ఉన్నారు. తేల్చుకోండి."

ఆవిడ గుమ్మం దాటగానే తల్లి కుర్చీ కూతురి వైపు జరుపుకుంది.

"కంప్యూటరేగా?" అంది నాగలక్ష్మి ఆశగా. "హాయిగా ఏసీలో కూర్చునే ఉద్యోగం. ఆ చేపలేవో నాతో పోనీవే."

"మొన్న మమ్మల్ని రొయ్యగుడ్లు పొదిగించే హేచరీకి తీసుకెళ్ళారమ్మా. రొయ్యపిల్లని మైక్రోస్కోపులో చూపించారు. అద్దంలా ఉంది. లోపల ఇంతే ఇంత గుండె, టకటకా కొట్టుకుంటోంది. పుట్టినప్పట్నించీ రొయ్యల మధ్యే ఉన్నా, దానికో గుండె ఉంటుందని నాకు తట్టనే లేదు. నాకదే చదవాలనుంది."

"మరి ఆవిడ అడిగినప్పుడు చెప్పవేం?"

సింధూరి తలొంచుకుంది. "చేపలవాళ్ళ పిల్ల, చేపలే అడిగిందంటారని. హాస్టల్లో మీ అమ్మేం చేస్తుందంటే బిజినెస్ అని చెప్పా." అనేశాక ఏడుపొచ్చింది. అమ్మ మొహం చూడలేకపోయింది.

నాగలక్ష్మి ఒళ్ళోంచి చేతులు తీసి కూతురి ముందు పెట్టింది. నిమ్మకాయ వాసన గుప్పున కొట్టింది.

"నేను మాత్రం తక్కువ తిన్నానా? నీ కాలేజీకొస్తున్నానని తోలు మండేదాకా నిమ్మచెక్కతో రుద్దుకున్నా. అయినా చేపల వాసన పోలేదు, చూడు."

మేడమ్ తిరిగొచ్చింది. ఆవిడ కూర్చోకముందే, "ఆక్వాకల్చర్ మేడమ్," అంది సింధూరి.

మేడమ్ తల్లి వైపు చూసింది. "మీరేమంటారమ్మా?"

"నాకైతే కంప్యూటరే ఇష్టమండి," అంది నాగలక్ష్మి. మేడమ్‌తో ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పిన మొదటి మాట అదే. "కానీ చదివేది అది కదా. దానికి కావాల్సిందే పెట్టండి."

మేడమ్ నొక్కింది. ఫోను టింగుమంది, ఓటీపీ వచ్చింది. నాగలక్ష్మి దాన్ని కళ్ళకి దూరంగా పట్టుకుని లోగొంతుకతో అంకె చదివింది. మేడమ్‌కి వినపడలేదు. మళ్ళీ చదివింది, మళ్ళీ అంతే.

"అమ్మా, హార్బర్లో చెప్పినట్టు చెప్పు," అంది సింధూరి.

నాగలక్ష్మి కూతుర్ని ఎగాదిగా చూసింది. కుర్చీలో వెనక్కి జరిగి నిటారుగా కూర్చుంది. "నాలుగూ..." అని ఎత్తుకుంది. కిటికీ అద్దాలు అదిరాయి. "ఏడూ... ఒకటీ..." వరండాలో వంతు కోసం నించున్న ఆడపిల్లలు గుమ్మంలోంచి తలలు పెట్టారు. అందులో సింధూరి రూమ్మేట్ రుచిత కూడా ఉంది.

"ఎవరే ఆవిడ?"

"మా అమ్మ," అంది సింధూరి, అందరికీ వినపడేలా. "గిలకలదిండిలో చేపల వేలం నడుపుతుంది."

నాగలక్ష్మి ఆఖరి అంకె దగ్గర ఆగిపోయింది. హార్బర్లో ఎన్నడూ మధ్యలో ఆపని మనిషి కొంగుతో కళ్ళొత్తుకుంది. ఫోను కూతురి చేతిలో పెట్టింది. ఆ ఒక్క అంకె సింధూరి చదివింది.