పోస్టుకార్డు దూరేంత సందు

రైలు మూడు చుట్లు తిరిగింది. నాలుగో చుట్టులో ఉండగా గురునాథం అడిగాడు.

"ఏం ఆచారీ, బండి ఇంకా కదల్లేదా?"

బ్రహ్మయ్యాచారి బల్లకేసి చూశాడు. బండి తిరుగుతూనే ఉంది.

జమ్మలమడుగులో గురునాథం ఇంటి ముందరి గది అది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పైన బండల మిద్దె. గదిలో ముక్కాలు భాగం బల్లే ఉంది. బల్ల మీద కోడిగుడ్డు ఆకారంలో పట్టాలు, పట్టాల మీద రెండు పెట్టెలను లాక్కుంటూ నీలం ఇంజను. చూసేవాళ్లకు కన్నుల పండగే. కానీ గురునాథానికి చూపు పోయి రెండేళ్లయింది. నీటికాసుల జబ్బు. వెలుగేదో, చీకటేదో తెలుస్తుంది, అంతే.

ఆయన రిటైరైన స్టేషన్ మాస్టరు. బ్రహ్మయ్యది ప్రొద్దుటూరు, బంగారు పని. ఇద్దరినీ కలిపింది ఒక సంచి.

పదకొండేళ్ల కిందట గుంతకల్లులో ఒక పెళ్లివారికి నగలు అందించడానికి బయల్దేరిన బ్రహ్మయ్య, ఎర్రగుంట్ల స్టేషన్లో బండి కదులుతోందని పరుగెత్తి ఎక్కాడు. నగల సంచి బెంచీ మీదే ఉండిపోయింది. అది గుర్తొచ్చేసరికి బండి ముద్దనూరు దాటింది. కొండాపురంలో దూకినంత పని చేసి, లారీ పట్టుకుని వెనక్కి వస్తే, స్టేషన్ మాస్టరు గదిలో ఇనుప బీరువా తెరిచి సంచి చేతిలో పెట్టాడు గురునాథం. ముడి కూడా విప్పలేదు.

"నీ సంచి, నువ్వే సూసుకో. నీళ్లు తాగు ముందు," అన్నాడు. ఎవరికీ చెప్పలేదు, పేపరుకు ఎక్కించలేదు. మాట బయటికి పొక్కి ఉంటే ప్రొద్దుటూరు అంగళ్లలో బ్రహ్మయ్య చేతికి గురివింద గింజంత బంగారం కూడా ఎవరూ ఇచ్చేవాళ్లు కాదు. ఆ రోజు నుంచి బ్రహ్మయ్య తిన్న ప్రతి ముద్దలోనూ ఆయన పాలు ఉంది.

ఈ సంక్రాంతి దాటాక పలకరించడానికి వస్తే, గురునాథం భార్య విశాలాక్షి గుమ్మంలోనే గొంతు తగ్గించి చెప్పింది. "అరుగు మీదికి కూడా రావడం లేదు బ్రహ్మయ్యా. రేడియో పెడితే ఆపెయ్యమంటారు. గోడకేసి తిరిగి పడుకుంటారు."

బస్సులో ప్రొద్దుటూరు చేరేలోపు బ్రహ్మయ్య నిర్ణయించుకున్నాడు. సారు గదిలోకి రైలు రావాలి.

పులివెందులలో సెల్‌ఫోన్లు బాగుచేసే అబ్రార్‌ను పట్టుకున్నాడు. అతను ఇంజనూ పెట్టెలూ ఆన్‌లైన్లో తెప్పించి, పాత చార్జర్లతో వేగం తగ్గించే, పెంచే పెట్టె ఒకటి తయారు చేసిచ్చాడు. "మా పులివెందులకే ఇంగా రైలు రాలే. నువ్వు ఇంట్లోకే తెస్తాండావు. గట్టోడివే మామా!" అన్నాడు.

పట్టాలు మాత్రం కొననివ్వలేదు బ్రహ్మయ్య. తీగలు లాగే కమ్మచ్చులో ఇత్తడి లాగాడు. చెక్కముక్కలు కోసి స్లీపర్లు చేశాడు. ప్రతి ఆదివారం తొలి బస్సుకు రావడం, పొద్దుగూకేదాకా బల్ల మీద వంగడం. నాలుగు నెలలు. అతుకులన్నీ టంకం పెట్టి, ఆకురాయితో రుద్ది, గోరుతో గీరినా తగలకుండా చేశాడు. నలభై ఏళ్లుగా అతని పేరు నిలబెట్టింది ఆ పనే.

ఆ పనే ఇప్పుడు కొంప ముంచింది. రైలు నూనె మీద జారినట్టు జారుతోంది. గురునాథానికి చప్పుడే లేదు.

"నాలుగో సుట్టు తిరుగుతాంది సార్," అన్నాడు బ్రహ్మయ్య.

"అట్లనా. శానా బాగుంది," అన్నాడు గురునాథం.

ఆ మర్యాదకు బ్రహ్మయ్య ప్రాణం ఉసూరుమంది. ఇంకో నిమిషంలో ఈయన లేచి మళ్లీ గోడకేసి తిరుగుతాడు.

అంతలో టప్ మని శబ్దం. ఇంజను బల్ల దిగి బ్రహ్మయ్య ఒళ్లో పడింది. కిటికీ పక్కన ఎండ పడుతున్నచోట పట్టా పాములా మెలి తిరిగి పైకి లేచింది. మే నెల, మిట్టమధ్యాహ్నం.

"పడిపోయిందా?" గురునాథం లేచాడు. లోపలికి పోవడానికి కాదు. తడుముకుంటూ బల్ల దగ్గరికి వచ్చి పట్టా మీద వేలు పెట్టి నడిపించాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. "సందు యాడ ఆచారీ?"

"సందేంది సార్? యాడా లేకుండా అతికినా."

"అదే తప్పు. ఎండకు పట్టా సాగుతాది. సాగినేది యాడికి పోవాలా? పైకి లేస్తాది. పట్టాకూ పట్టాకూ నడాన పోస్టుకార్డు దూరేంత సందు ఇడవాల. సక్రం ఆ సందు మీద పడితేనే సప్పుడు. సప్పుడు లేనిది రైలెట్లయితాది?"

బ్రహ్మయ్య అతుకులకేసి చూశాడు. ఏ అంగట్లో పెట్టినా తల ఎత్తుకునే పని. సన్న రంపం తీశాడు. మొదటి కోతకు చెయ్యి రాలేదు. గురునాథం పక్కన నిలబడే ఉన్నాడు, చెవి ఇటే పెట్టి. కోశాడు.

తర్వాత అబ్రార్‌కు ఫోన్ చేశాడు.

"కోసినావా? కరెంటు తెగిపోతాది మామా! ప్రతి సందుకూ కింద రాగితీగ అతికియ్యి. సూడు, బంగారు తీగ అతికించేవు, అలవాటులో!"

జానెడుకొకటి చొప్పున ఇరవై ఎనిమిది జతల సందులు. విశాలాక్షి అన్నం పెట్టి రెండుసార్లు పిలిచింది, ఎవరూ కదల్లేదు. గురునాథం కుర్చీ బల్లకు ఆనించుకుని, కోసిన ప్రతి సందునూ వేలితో చూసి "ఊఁ" అన్నాడు. ఐదింటికి పని అయింది.

బ్రహ్మయ్య మీట తిప్పాడు.

టక్‌టక్... టక్‌టక్... టక్‌టక్...

గురునాథం తల ఎత్తాడు. వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. లెక్కపెడుతున్నాడు. బండి ఎటు పోతే ముఖం అటు తిరుగుతోంది. కాఫీ గ్లాసులతో వచ్చిన విశాలాక్షి గడపలోనే నిలబడిపోయింది.

"మలుపులో వేగం జాస్తి. తగ్గించు," అన్నాడు గురునాథం.

తగ్గించాడు.

"కిటికీ పక్కన మూడో అతుకు సరిగా పలకలే. సందు సాల్లేదు. ఇడిసిపెట్టినావు సూడు."

బ్రహ్మయ్య వంగి చూశాడు. నిజమే. మనసొప్పక అక్కడ రంపం తేలిగ్గా ఆడించాడు. అతని పనికి వంక పెట్టినవాళ్లెవరూ లేరు ఇంతవరకు. ఈ వంక మాత్రం మెప్పులా వినిపించింది. మీట ఆపి రంపం అందుకున్నాడు.

"యాయ్!" గురునాథం గొంతు మిద్దె అదిరేలా లేచింది. "ఎవురినడిగి బండి ఆపినావు? లైను మీద పని చేయాలంటే స్టేషన్ మాస్టరు పర్మిషను తీసుకోవద్దా?"

"తప్పయింది సార్," బ్రహ్మయ్య రంపం కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. "పర్మిషను ఇయ్యండి."

"కాఫీ చల్లారిపోతుంది, ఇచ్చేయండి పాపం," అంది విశాలాక్షి. నవ్వో ఏడుపో తెలియకుండా ఉంది ఆమె గొంతు.

"నువ్వుండు. ముందర బండి స్టేషన్ చేరాల గదా." గురునాథం కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "మీట తిప్పు ఆచారీ. ఇంగా రెండు సుట్లు తిరగనీ. అప్పుడిస్తా."