డోంగాలో నాలుగోవాడు

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. సింహాచలమ్మ కీడు దగ్గరే ఆగిపోయేది. మేలెంచే తీరిక ఆవిడకు ఎన్నడూ దొరకలేదు. పెనిమిటి గురునాథరావుకి భిలాయి ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పని. ఆయన షిఫ్టుకి వెళ్లింది మొదలు మళ్లీ సైకిలు గేటుకి ఆనించేదాకా, సెక్టర్ 2 రోడ్డు మీద ఏ బండి హారను గట్టిగా మోగినా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయేది. అలాంటి మనిషి దగ్గరకు వచ్చి, దసరా సెలవుల్లో శివనాథ్ నది మీద డోంగాలో వెళ్లొస్తామని చెప్పాడు కొడుకు ఉదయ్‌కుమార్.

డోంగా అంటే ఒకే మాను తొలిచి చేసిన సన్నటి పడవ. కాలేజీ స్నేహితుడు మంగళ్ వాళ్ల మేనమామది. దుర్గ్ దగ్గర ఎక్కి, ఏటివాలున పోయి, పొద్దు గుంకేలోగా ఏదో ఊరి రేవులో దిగి, బస్సు పట్టుకుని ఇంటికి రావడం.

"నీటి మీదకి ఎవులెవులెల్తారు?" అంది సింహాచలమ్మ.

"నేను, మంగళ్, హరినాథ్."

ఆవిడ బియ్యం చేట కింద పెట్టేసింది. "ముగ్గురా? ముగ్గురు కలిసి గుమ్మం దాటకూడదని నీకు పాలతో పాటు పట్టేను కదరా."

"ఒక రాయి జేబులో వేసుకుంటాలే. అదే నాలుగో మనిషని నువ్వే కదా చెప్తావ్."

అది నిజమే. శ్రీకాకుళం వైపు సింహాచలమ్మ వాళ్లమ్మ, ముగ్గురు ప్రయాణం తప్పనప్పుడల్లా ఒక గులకరాయి కొంగున ముడేసుకుని బయల్దేరేది. బస్సుకైనా రైలుకైనా ఆ రాయి చాలు. ఏరు వేరు.

"రాయి ఈదుతాదేట్రా?" అంది.

ఉదయ్ నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు. ఎవరికి ఈతొచ్చో ఒక్కొక్కరి పేరూ అడిగింది. మంగళ్ ఏట్లో పుట్టి పెరిగినవాడు. హరినాథ్‌కి అంతంతమాత్రం. తన కొడుకు సంగతి తనకి తెలుసు, మెడలోతు దాటితే కాళ్లాడవు. ఇంకేముంది, ఆవిడ చూపు గోడ అవతలి క్వార్టరు మీదికి పోయింది. అక్కడ మణిమాల కొడుకు చిట్టిబాబున్నాడు. టౌన్‌షిప్ ఈతకొలనులో గెలిచిన కప్పులు వాళ్ల టీవీ మీద వరసగా మెరుస్తుంటాయి.

"చిట్టిబాబుని తోడు తీసుకెల్లు."

"వాడొద్దమ్మా. కుదురుగా కూర్చోడు."

"నీకంటే బాగా ఈదుతాడని కుళ్లు."

"ఈతతో పని లేదమ్మా. డోంగాలో ఒకడు చెప్తే మిగిలినవాళ్లు వినాలి. మంగళ్ మా ఇద్దర్నే ఎందుకు రమ్మన్నాడో తెలుసా? మాకు నీళ్లంటే డర్. డర్ ఉన్నవాడు హిల్‌తా నహీ, కదలకుండా చెప్పినచోట చెప్పినట్టు కూర్చుంటాడని. చిట్టిబాబుకి ఆ భయం లేదు. మొన్న మరోదా చెరువులో పడవెక్కి, మమ్మల్ని భయపెట్టడానికి నిలబడి ఊపేశాడు. మంగళ్ తెడ్డుతో కాలి మీద ఒకటిచ్చాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు."

"మాటలదేముంది, పడవెక్కితే అవే వస్తాయి. నాలుగో మనిషి లేకుండా నువ్వు గుమ్మం దాటితే నన్ను దాటుకునే ఎల్లాల."

ఉదయ్‌ ఇంక వాదించలేదు. అమ్మ భయంతో వాదించి ఆ ఇంట్లో గెలిచినవాళ్లు లేరు.

మణిమాల మాత్రం మొదట ఒప్పుకోలేదు. "మాకు ఒక్కడే వదినా. ఈళ్ల నాన్న కూడా ఊళ్లో లేరు. ఏరంటే నాకు గుండె దడ."

"నాకంటే బయస్తురాలు ఈ సెక్టరు మొత్తమ్మీద ఎవులున్నారో చెప్పు," అంది సింహాచలమ్మ. "నానే పంపిస్తన్నానంటే నీకు బయమెందుకు?"

ఆ మాటకి మణిమాల నవ్వేసింది. చీపురుపుల్ల విరిగితే శకునం చూసే మనిషి కొడుకుని ఏటి మీదకి పంపుతోందంటే, అందులో భయపడాల్సింది ఏముంటుంది? సరేనంది.

బయల్దేరే వేళ గేటు దగ్గర చిట్టిబాబుని చూసి మంగళ్ మొహం ముడుచుకుంది. ఉదయ్ వైపు చూశాడు. ఉదయ్ తల దించుకున్నాడు.

"మేరీ బాత్ మానేగా?" అన్నాడు మంగళ్, తన మాట వింటావా అని చిట్టిబాబుని నిలదీస్తూ.

"జో హుకుమ్, కెప్టెన్ సాబ్," అని సెల్యూట్ కొట్టాడు చిట్టిబాబు. సింహాచలమ్మ కాళ్లకి దండం పెట్టి, "అత్తా, నీ కొడుకు మునిగితే జుట్టు పట్టుకుని తెచ్చి నీకు అప్పజెప్తాను, సరేనా?" అన్నాడు.

"తతాస్తు దేవతలుంటారు, నోర్ముయ్," అంటూనే ఆవిడ లోలోపల ఆ మాటని గట్టిగా పట్టుకుంది. ఉదయ్ జేబు తడిమితే గులకరాయి తగిలింది. నలుగురయ్యాక దానితో పనేముందని తీసి గేటు దిమ్మ మీద పెట్టింది.

ఆ రోజు ఆవిడకి భయం వెయ్యలేదు. అదే వింత. అన్నం తిని, చాప మీద వాలి, మధ్యాహ్నం నిద్రపోయింది. లేచేసరికి ఆకాశం ప్లాంటు పొగతో ఇటుకరంగులో ఉంది. పెరట్లో కాకి ఒక్కటీ అరవడం లేదు. గోడ అవతల మణిమాల చేపలు వేయిస్తోంది.

వీధి దీపాలు వెలిగాక సుపేలా వైపు నుంచి ఒక ఆటో వచ్చి ఆగింది. ముందు ఉదయ్ దిగాడు, తడిబట్టలతో, కాళ్లకి చెప్పులు లేకుండా. సింహాచలమ్మ పరిగెత్తి కొడుకు తల, భుజాలు, చేతులు తడిమి చూసుకుంది. "సింహాద్రప్పన్నా, నా తండ్రీ," అనుకుంది. ఆ తర్వాతే ఆటోలోకి చూసింది. హరినాథ్ ఒక్కడే మూలకి ముడుచుకుని ఉన్నాడు.

"మంగళ్ ఏడిరా?"

"రేవులో ఉన్నాడు. ఊరోళ్లు వలలు వేస్తున్నారు."

"వలలేటికి?"

ఉదయ్ పళ్లు టకటకలాడుతున్నాయి. "సుడి దగ్గర మంగళ్ కదలొద్దన్నాడు. నువ్వు చెప్తే నేను వినాలా అని చిట్టిబాబు లేచి నిలబడ్డాడు. తిరగబడిపోయాం. నేను మునిగిపోతుంటే వచ్చి జుట్టు పట్టుకున్నాడమ్మా, అన్నట్టే. డోంగా అంచు నా చేతికి అందించాడు. మళ్లీ చూస్తే లేడు."

సింహాచలమ్మ చెయ్యి కొడుకు జుట్టులోనే ఉండిపోయింది.

అవతల గేటు గడియ తీసిన చప్పుడైంది.

"వదినా, ఆటో చప్పుడైంది," అంటూ మణిమాల వస్తోంది. "మావోడు అటునుంచటే మీ ఇంట్లో దూరేడేటి? రమ్మను. చేపలు చల్లారిపోతన్నాయి."

సింహాచలమ్మ ఆసరాకి గేటు దిమ్మ మీద చెయ్యి వేసింది. అరచేతి కింద గులకరాయి తగిలింది, చల్లగా.