తప్పు గదిలో వాదన

కోర్టు ఆవరణలో ఆమెను అందరూ 'వాయిదా' అనే పిలుస్తారు. గుమాస్తా పెట్టిన పేరు అది. లా పట్టా పుచ్చుకుని పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా చేరి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో జడ్జి ముందు నోరు తెరిచి ఆమె అడిగింది ఒక్కటే: "సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారండీ, దయచేసి వాయిదా ఇప్పించండి." ఆ ముక్క ఎంత ఒద్దికగా అడుగుతుందంటే, పక్క వకీళ్లు కూడా తమ వాయిదాలకు ఆమెనే పంపమని గుమాస్తాను బతిమాలుకుంటారు.

ఆ పూట మాత్రం ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. కోర్టు హాల్లో గోడ గడియారం పదీ యాభై చూపిస్తోంది. పదకొండున్నరకు రోడ్డు అవతల అద్దాల మేడ ఆరో అంతస్తులో ఇంటర్వ్యూ. పెద్ద కంపెనీ. ఒప్పంద పత్రాలు చదివి లొసుగులు పట్టడం పని. ఆ ఉద్యోగం సంగతి కనిపెట్టి దరఖాస్తు పెట్టించినవాడు మేనమామ. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. లోకాన్నంతా రూట్ల లెక్కనే చూస్తాడు.

"లా చదివినోళ్లకి రూట్లు బోలెడే," అన్నాడు పొద్దున టిఫిను దగ్గర. "నీతో చదివిన ఆ బక్కపిల్ల కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది. ఆ కళ్లద్దాలవాడు జడ్జీ పరీక్షకని మూడేళ్లుగా గది తలుపేసుకున్నాడు. వాడికంటే ముందు వాడి గడ్డమే జడ్జీ అయ్యేలా ఉంది. అయినా వాడిదీ ఒక రూటే. నువ్వే డిపోలో నిలబడి ఇంజను రేస్ చేస్తున్నావు."

"బండి తీస్తాలే మామయ్యా."

"ఎప్పుడే? డీజిలంతా పొగయ్యాకా?"

హాల్లో వాళ్ల కేసు పిలిచారు. ఆమె లేచింది. వెనక బెంచీ మీద వాళ్ల కక్షిదారు, ఇస్త్రీ కొట్టు ఆవిడ కూడా లేచి నిలబడింది. పద్దెనిమిదేళ్లుగా ఒకే గదిలో ఇస్త్రీ చేసుకుంటున్న మనిషి. ఇల్లు శిథిలమైంది, రేపో మాపో కూలుతుంది, కాబట్టి గది ఖాళీ చేయించండి అని యజమాని దావా వేశాడు. ఆ యజమానే కిందటేడు అదే ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకోవడానికి మునిసిపాలిటీలో అనుమతి తీసుకున్నాడు. మూడుసార్లు తిరిగి ఆ ప్లాను నకలు సంపాదించింది వాయిదాయే. దాన్ని ఫైల్లో పెట్టి, పైన పచ్చ చీటీ అంటించింది. ఆ చీటీ ఇంతవరకూ ఎవరూ కదపలేదు.

"సీనియర్ గారు..." అంటూ మొదలుపెట్టింది.

"వేరే కోర్టులో ఉన్నారు, అంతేగా?" జడ్జిగారు కళ్లజోడు తీశారు. "ఇది నాలుగోసారమ్మా. ఫైలు మీరు చదివారా?"

"చదివానండీ."

"అయితే మీరే చెప్పండి. వింటాను."

ఇన్నాళ్లకు ఒకరు వింటానన్నారు. కానీ కళ్లు గడియారం మీదికి పోయాయి. పదకొండు. ఎంత లేదన్నా గంట పడుతుంది.

"సీనియర్ గారే వాదిస్తారండీ," అంది.

జడ్జిగారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "వచ్చే గురువారం. ఆపైన నన్నడగొద్దు," అని రాసేశారు.

వరండాలో ఇస్త్రీ కొట్టు ఆవిడ ఎదురొచ్చింది. లోపల ఏమన్నారో వెనక బెంచీ దాకా వినపడలేదు. "మన మాట చెప్పావా అమ్మా?"

"గురువారం మా సార్ చెప్తారమ్మా."

"పోయినసారీ గురువారమేగా." దెప్పుతున్నట్టు అనలేదు, ఉన్నమాట అన్నట్టు అంది. "కొట్టుకి తాళమేసొచ్చా. బట్టలన్నీ మూటల్లోనే ఉన్నాయి. సర్లే, పోయి తాళం తీసుకుంటా. నువ్వెక్కడికో హడావిడిగా ఉన్నట్టున్నావు, వెళ్లమ్మా."

ఆ చివరి మాట మెట్లు దిగుతుంటే వెంట వచ్చింది. రోడ్డు దాటుతుంటే వచ్చింది. లిఫ్టులో కూడా వదల్లేదు.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో నెరిసిన జుట్టావిడ, అటూ ఇటూ ఇద్దరు మగవాళ్లు, అందులో ఒకాయనకు బట్టతల. చదువు అడిగారు, మార్కులు అడిగారు. తర్వాత నెరిసిన జుట్టావిడ, "మీరు స్వయంగా వాదించిన కేసు ఒకటి చెప్పండి," అంది.

ఆమెకు రెండేళ్లు వెతికినా చెప్పుకోవడానికి ఒక్కటి దొరకలేదు. ఇంకేం చెయ్యాలో తోచక, ఇస్త్రీ గది సంగతి ఎత్తుకుంది. కూర్చుని మొదలుపెట్టిన మనిషి ఎప్పుడు లేచి నిలబడిందో తనకే తెలియదు. "కూలిపోయే ఇల్లన్నారు. కూలిపోయే ఇంటి నెత్తిన కొత్త అంతస్తు ఎలా కడతారండీ? ఇల్లు గట్టిదైతే ఈ దావా అబద్ధం. ఇల్లు గట్టిది కాకపోతే ప్లాను అబద్ధం. రెండు కాగితాల మీదా సంతకం ఒక్కరిదే. ఏ సంతకాన్ని నమ్మమంటారో ఆయన్నే చెప్పమనండి!"

బట్టతలాయన కలం మూత పెట్టేసి మరీ వింటున్నాడు.

"భేష్," అంది నెరిసిన జుట్టావిడ. "తీర్పేమైంది?"

"వాయిదా పడిందండీ."

"అయ్యో. ఎవరడిగారు?"

"నేనే."

"ఎప్పుడు?"

"ఇందాకే. ఇక్కడికి టైముకి రావాలని."

బట్టతలాయన పకపకా నవ్వాడు. "మా కంపెనీ అంటే అంత ఇష్టమన్నమాట!" మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమెకు మాత్రం చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఇంతసేపూ వాదించిన మాటలన్నీ వరసగా కళ్ల ముందు కనపడ్డాయి. ఒక్కటీ తప్పు కాదు. గదే తప్పు.

ఉద్యోగం ఇస్తామన్నారు. సోమవారం చేరాలన్నారు.

"ఒక్క వారం వాయిదా ఇప్పించండి," అంది అలవాటుగా. వెంటనే నాలిక కరుచుకుంది. "గురువారం అవగానే వచ్చేస్తానండీ."

"ఇక్కడ వాయిదాలు లేవమ్మా. బయట ఇంకా పద్నాలుగు మంది కూర్చున్నారు."

"అయితే వద్దండీ."

అనేసింది. లిఫ్టు కోసం ఆగబుద్ధి కాక ఆరు అంతస్తులూ మెట్ల మీద దిగింది. మూడో అంతస్తు దగ్గర వెనక్కి పోదామనిపించి రెండు మెట్లు ఎక్కింది కూడా. మళ్లీ దిగింది.

ఆఫీసులో పెద్ద వకీలు అప్పుడే వచ్చి, కోటు కుర్చీకి తగిలిస్తున్నాడు. "ఇచ్చారా వాయిదా?"

"గురువారానికి ఇచ్చారు సార్. ఆ రోజు నేను వాదిస్తాను."

మూల కూర్చుని కాగితాలకు పిన్నులు కొడుతున్న గుమాస్తా చెయ్యి ఆగింది.

"నేనొస్తాగా."

"నాలుగుసార్లూ అదే అన్నారు సార్."

పెద్ద వకీలు ఫైలు తీసుకుని తెరిచాడు. పచ్చ చీటీ దగ్గర ఆగాడు. ప్లాను నకలు ఇటు తిప్పీ అటు తిప్పీ చూశాడు. "ఇదెవరు తెచ్చారు?"

"నేనే సార్, మూడు నెలల కిందట."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పాను సార్. మీరు ఫోన్లో ఉన్నారు."

ఆయన ఫైలు మూశాడు. "ఓడితే ఆవిడ కొట్టు పోతుంది. నా పేరు మీద కాదు, నీ పేరు మీద పోతుంది. ఆలోచించావా?"

"దారంతా అదే ఆలోచించాను సార్."

ఆయన డైరీ ఆమె వైపు తోశాడు. "రాసుకో."

గురువారం గడిలో ఆమె తన పేరు రాసుకుంది. చివరి అక్షరం గీత దాటింది.

"మరి నీకింక కొత్త పేరు వెతకాలేమో," అన్నాడు గుమాస్తా. "తొందరేం లేదు, గురువారం దాకా చూస్తాలే."

సాయంత్రం డిపో ముందు రెండు బస్సులు వచ్చి వెళ్లిపోయాయి. ఆమె ఎక్కలేదు. తనలో తను గొణుక్కుంటూ అటూ ఇటూ తిరుగుతోంది. మేనమామ విజిలు మెడలో వేసుకుని టైమ్ ఆఫీసులోంచి బయటికొచ్చాడు.

"ఏమే, ఏమైంది?"

"ఉద్యోగం ఇచ్చారు మామయ్యా. వద్దన్నాను."

ఆయన గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"తర్వాత తిట్టుకో. ముందు ఆ బెంచీ మీద కూర్చో. నువ్వు జడ్జివనుకో."

"నేనా?"

"నువ్వే. గురువారం ఒక ఆవిడ కొట్టు నిలబెట్టాలి. మొదటి ముక్క ఎలా ఎత్తుకోవాలో తేలక చస్తున్నాను."

మేనమామ ఆమె ముఖంలోకి ఎగాదిగా చూశాడు. బెంచీ మీద దుమ్ము దులిపి, విజిలు చొక్కా లోపలికి తోసుకుని, నిటారుగా కూర్చున్నాడు.

"సరే, మొదలెట్టు," అన్నాడు. "వాయిదా మాత్రం ఇవ్వను."