వణికిన బస్తా

మిరపకాయల గుట్టలో ఎవరన్నా ఫోను దాస్తారా? భవ్య దాచింది. కళ్ళంలో తాలుకాయలు ఏరమని కూర్చోబెడితే, చున్నీ చాటున మెసేజీలు కొట్టుకుంటోంది మహాతల్లి. ఇంటర్‌లో తన పక్కనే కూర్చునే బిందుమాధవితో గొడవొచ్చింది. ‘ఇవాళ జవాబివ్వకపోతే జన్మలో నీతో మాట్లాడను’ అని ఆ పిల్ల పంపింది చదువుతుండగానే, నాన్న యలమందయ్య ఖాళీ గోతాలు భుజానేసుకుని ఊడిపడ్డాడు. ఆయనకి ఆ ఫోను సంగతే తెలీదు. పది పాసైందని మేనమామ గుట్టుగా కొనిచ్చాడు. తెలిస్తే ఫోనూ దక్కదు, మామకి గడప తొక్కే యోగమూ ఉండదు. ఇంకేం చేస్తుంది, గబుక్కున గుట్టలోకి కుక్కి, పైన నాలుగు కాయలు కప్పి, ఏమీ ఎరగనట్టు తాలు ఏరింది. అమ్మ అన్నానికి పిలిస్తే వెళ్ళి వచ్చేసరికి గుట్ట లేదు. కాయంతా బస్తాల్లోకి తొక్కేసి మూతులు కుట్టేశారు.

ఇక చూడండి ఆ పిల్ల అవస్థ. రాత్రి ముద్ద దిగలేదు. నడుం దగ్గర ఫోను దోపుకునే చోట గుర్రుమన్నట్టనిపించి తడుముకోవడం, ఏమీ లేక ఉలిక్కిపడటం. బిందు ఎన్నిసార్లు చేసుంటుందో, ఎంత తిట్టుకుంటోందో. క్లాసులో అందరికీ చెప్పేసుంటుంది, భవ్య పొగరెక్కి పలకడం లేదని. ఫోను వైబ్రేటర్‌లో ఉంది కాబట్టి నాన్నకి వినపడదు, అదొక్కటే దేవుడి దయ. కానీ చార్జింగు రేపటి దాకా ఉంటే గొప్ప. అది ఆరిపోతే బస్తా ఏదో తెలీదు, సరుకు ఏ రాష్ట్రం పోతుందో అసలే తెలీదు.

తెల్లారి బస్తాలు వ్యానుకెక్కుతుంటే అడిగేసింది. "నాన్నా, నేనూ గుంటూరు మిర్చి యార్డుకొస్తా."

యలమందయ్య చేతిలో తాడు అట్టాగే ఆగిపోయింది. మిరపకాయంటేనే ముక్కు మూసుకునే పిల్ల. పంట గురించి పల్లెత్తు మాట అడగని పిల్ల. ఆయన లోపలికెళ్ళి ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చాడు. బజారులో కనపడ్డవాడికల్లా, "మా అమ్మాయి యార్డు చూస్తానంటంది" అని చెప్పి గానీ బండెక్కలేదు.

అద్దంకి దాటాక ఆయన నోరు మూస్తే ఒట్టు. కమీషన్ కొట్లు ఎట్టా ఉంటాయి, కొనేవాళ్ళు కాయ ఎట్టా విరిచి చూస్తారు, తన సరుకంటే చూడకుండానే ఎట్టా కొంటారు, అన్నీ వరసపెట్టి చెబుతున్నాడు. భవ్య ఊ కొడుతోందే గానీ చెవులు మాత్రం వెనక బస్తాల మీదున్నాయి.

చిలకలూరిపేటలో టీకి ఆగారు. నాన్న కొట్టు దగ్గరికెళ్ళగానే డ్రైవర్ మొహిద్దీన్ బాషా చెవిలో పడేసింది. "అన్నా, నీ ఫోన్లోంచి ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వవా. నా ఫోను బస్తాలో ఉంది. నాన్నకి చెప్పొద్దు."

బాషా నవ్వాపుకోలేక చచ్చాడు. అయినా నంబరు నొక్కాడు. భవ్య వెనక్కెక్కి ఒక్కో బస్తాకీ చెవి ఆనించింది. ఘాటుకి కళ్ళూ ముక్కూ కారిపోతున్నాయి. పై వరసలో ఎక్కడా చప్పుడు లేదు, కింద వరస అందదు. ఇంతలో నాన్న టీ గ్లాసుతో వచ్చాడు.

"ఏందమ్మాయ్, ఏం చేస్తన్నావు?"

"వాసన చూస్తన్నా నాన్నా."

"అద్దీ. అట్టా దగ్గరగా చూస్తేనే సరుకు తెలిసేది" అని బాషా వంక గర్వంగా చూశాడు. బాషా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

గుంటూరు యార్డులో ఎటు చూసినా ఎరుపే. తుమ్ములు, అరుపులు, హమాలీల పరుగులు. భవ్యకి భయం పోయి ఉత్సాహం పొంగింది. ఇప్పుడు బస్తాలన్నీ కిందే ఉన్నాయి, అన్నీ అందుతాయి. వరసలో పడి వెతుకుతూ పోతోంది. కొనుగోలుదారు గుమస్తా ముందే వచ్చి ఒక బస్తా మీద చెయ్యేశాడు. ఆ బస్తా గుర్రుమని వణికింది.

గుమస్తా ఎగిరి వెనక్కి దూకాడు. పాము అన్నారెవరో. జనం మూగారు. గుమస్తా తేరుకుని అనుమానంగా చూశాడు. "పెద్దాయనా, తూకం కోసం లోపలేమన్నా దోపావా?"

యలమందయ్య మొహం కందగడ్డయింది. ఇన్నేళ్ళలో ఆయన సరుకు మీద ఎవరూ అనని మాట. "నా సరుకులో కాయ తప్ప వేరేది ఉంటే మళ్ళీ ఈ యార్డులో అడుగుపెట్టను. బోర్లించండి" అని అరిచాడు. కుట్లు తెంపారు, కాయ కుప్పగా పడింది. ఆగలేక భవ్యే ముందు దూకి మోచేతుల దాకా చేతులు దింపింది. ఫోను బయటికొచ్చింది, వెలుగుతూ, వణుకుతూ.

"ఎవరిదయ్యా ఇది?" అన్నాడు గుమస్తా.

యలమందయ్య ఫోను వంక చూశాడు. ఎర్రగా మండుతున్న కూతురి చేతుల వంక చూశాడు. ఆ పిల్ల ఎందుకొచ్చిందో ఆయనకి అప్పుడర్థమైంది.

"నాదే. తొక్కేటప్పుడు జేబులోంచి జారినట్టుంది" అన్నాడు.

యార్డంతా ఘొల్లున నవ్వింది. గుమస్తా కూడా నవ్వి, మంచి రేటుకే సరుకు తీసుకున్నాడు. యలమందయ్య ఫోనుని తలకిందులుగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తిరుగు దారిలో మజ్జిగ పాకెట్లు కొని, పంటితో చించి, కూతురి చేతుల మీద పోశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది భవ్యకి.

"ఇందుకేనా వచ్చింది?"

"అవున్నాన్నా."

జేబులో ఫోను మళ్ళీ వణికింది. ఆయన తీసి కూతురికిచ్చాడు. "ఏం రాశారో చదువు."

"‘ఎక్కడున్నావే, నిన్నట్నుంచీ ఒకటే దడగా ఉంది, తిట్టనులే, ఒక్కసారి పలుకు’ అంది నాన్నా. బిందు. నా ఫ్రెండు."

"పాపం, ఆ పిల్లకీ ఇదే గోల. ఎక్కడికెళ్ళావో జవాబు రాయి."

మండే వేళ్ళతో ఒక్కో అక్షరమే నొక్కింది. నాన్నతో యార్డుకెళ్ళాను. అక్కడ ఆగి, "నాన్న కోసమే వెళ్ళానని రాయనా?" అంది.

యలమందయ్య రోడ్డు వంకే చూస్తున్నాడు.

"ఉన్నదే రాయమ్మా" అన్నాడు.