ఎడమ రెక్క

రెక్కల ఆలోచన నాదే. ఇంకొకరి నెత్తిన వేసే అలవాటు నాకు లేదు.

మా 'నీలిగుర్రం' పిల్లల బొమ్మల కథల మాసపత్రిక. అప్పటిదాకా వెల తొంభై యెన్లు. పిల్లవాడు వంద యెన్ల నాణెం ఇచ్చి, మిగిలిన పదితో పక్క కొట్లో పుల్ల ఐసు కొనుక్కునేవాడు. ఆ పది మనకెందుకు రాకూడదని మా అమ్మకాల పెద్ద కురొయివాగారు ఏడాదిగా గింజుకుంటున్నారు. ఒక్క నాణెం, ఒక్క పుస్తకం అన్నది ఆయన మాట. నిజమే, పిల్లలు లెక్కలు వేసి కొనరు, గుప్పెట్లో ఉన్నది ఇచ్చేస్తారు. కాని ఆ పది యెన్లకు బదులు ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా.

"రెక్కలిద్దాం సార్," అన్నాను. మా పత్రికలో పేరున్న కథ డేగబాలుడిది. వాడి రెక్కలు దళసరి అట్టమీద అచ్చువేసి, కత్తిరించుకుని చేతికి కట్టుకునేలా లోపల పెట్టాలని నా ఉద్దేశం.

"రెండూ ఒకేసారి ఇస్తే వచ్చే నెల ఎవడు కొంటాడమ్మా?" అన్నారాయన.

"అందుకే ఈ నెల కుడి రెక్క. వచ్చే నెల ఎడమది."

ఆయన నవ్విన నవ్వు ఇంకా నా చెవిలోనే ఉంది. "ఒగినోగారూ, మీరు మగవాడై పుట్టుంటే నా కుర్చీకి ఎసరు పెట్టేవారు," అన్నారు. నేను పొంగిపోయాను. సిగ్గులేకపోతే సరి!

పత్రికతోపాటు ఒక కార్డు ఉంటుంది. నచ్చిన మూడు కథల అంకెలు, పేరు, చిరునామా రాసి పిల్లలు పంపుతారు. ఏ కథ బతకాలో ఏది ఆగిపోవాలో ఆ అంకెలే తేలుస్తాయి. అడుగున 'మాతో ఒక మాట' అని నాలుగు గీతలు ఉంటాయి. వాటిని ఎవరూ చదవరు. కార్డు పట్టుకుంటే మా బొటనవేలు సరిగ్గా ఆ గీతల మీదే పడుతుంది. రోజుకు రెండు వేల కార్డులు తిప్పేవాళ్లకు మాటలు చదివే తీరిక ఎక్కడిది?

ఆడపిల్లల పేర్లున్న కార్డులను అసలు లెక్కలో కలపం. అవి గోనెసంచిలోకి పోతాయి. ఆ పద్ధతి పెట్టిందీ నేనే. కొనేది అన్న, చెల్లెలు ఊరికే చదువుతుంది, ఆమెను లెక్కపెడితే అసలు కొనేవాడి ఇష్టం తెలియదని నా వాదన. ఆడదాన్నై ఉండి అన్నాను కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఎడమ రెక్క సంచిక శుక్రవారం కొట్లకు రావాలి. కార్డులు పంపిన వాళ్లలో వందమందికి మాత్రం మూడు రోజులు ముందుగానే టపాలో పంపుతామని ఊరించాం. మంగళవారం నేనే గుడ్డిగా వంద కార్డులు తీసి, మూలన ఎర్ర ముద్ర కొట్టి, వంద రెక్కలూ పంపించేశాను.

గురువారం ఉదయం కురొయివాగారు వచ్చి, స్టేషన్లలో అంటించే పోస్టర్‌కు పిల్లలు సొంతంగా రాసిన మాట ఒకటి కావాలన్నారు. జన్మలో మొదటిసారి బొటనవేలు పక్కకు జరిపాను. ఎర్ర ముద్ర కార్డుల్లో ఏడోది పెన్సిలుతో, వంకర అక్షరాలతో ఉంది.

'రెండో రెక్క రాగానే మా మేడ మీంచి ఎగురుతాను. నాన్న పనిచేసే వంతెన చూసి వస్తాను. అమ్మకు చెప్పొద్దు.'

పేరు ఇసాము. నగరం చివర అద్దె ఇళ్ల సముదాయం, పద్నాలుగో నంబరు మేడ, అయిదో అంతస్తు.

"అబ్బ, ఇదే కదా నాక్కావలసింది!" అన్నారు కురొయివాగారు.

"సార్, ఈ పిల్లాడికి రెక్క పంపేశాం. ఈ రోజే చేరుతుంది."

"పిల్లలన్నాక అలాగే రాస్తారమ్మా. మా వాడు రోజూ చంద్రుడి మీదకు వెళ్లొస్తానంటాడు, వాకిలి దాటడు."

"రేపటి సంచిక ఆపించండి సార్. లోపల ఒక హెచ్చరిక చీటీ అయినా పెడదాం."

"లారీలు తెల్లారగట్లే బయలుదేరాయి. మీకేమైనా పిచ్చా?"

ఆ ఇంటికి ఫోను లేదు. మేడల కాపలా ఆఫీసుకు ఒంటిగంటదాకా చేస్తూనే ఉన్నాను, మోగుతోంది, ఎత్తే నాథుడు లేడు. సంచీ భుజాన వేసుకుని బయటపడ్డాను. రెండు రైళ్లు మారాలి. బడి మూడింటికి వదులుతుందన్నది ఒక్కటే నా ధైర్యం. ప్రతి స్టేషన్లో తలుపులు తెరుచుకుని మూసుకునే లోపల ఆ రైలు నడిపేవాణ్ణి నోటికొచ్చినట్లు తిట్టుకున్నాను.

మూడుంపావుకు తలుపు కొట్టాను. తల్లి తీసింది, చేతులకు పిండి. పత్రికవాళ్లమని చెప్పి, "మీ ఇసాము..." అన్నాను. మాట పూర్తి కాలేదు.

"ఇసామూ, నీకోసం ఎవరో వచ్చార్రా!"

లోపల బల్ల దగ్గర పదకొండేళ్ల కుర్రాడు పూసల చట్రం మీద లెక్కలు చేసుకుంటున్నాడు. కాలూ చెయ్యీ చక్కగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. చెప్పొద్దూ, అక్కడే చతికిలబడ్డాను. ఆవిడ చల్లటి బార్లీ టీ ఇచ్చింది, మొత్తం తాగాను, రెండోది పోస్తే అదీ తాగాను. ఎండ ఎలా ఉందో, రైల్లో జనం ఎలా ఉన్నారో మాట్లాడాం. ఆ రెండు గ్లాసులకూ పట్టిన కాలం తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

"ఏం బాబూ, రెక్కలు వచ్చాయా?" అన్నాను చివరికి.

వాడు ముఖం చిట్లించాడు. "నేను ఆ పుస్తకం ఎప్పుడో మానేశానండీ. అది చిన్నపిల్లలది."

"మరి కార్డు?"

"మా చెల్లెలు రాసింది. ఆడపిల్ల పేరు పెడితే మీరు పారేస్తారంటగా? నీ పేరు వాడుకుంటానంది, సరేనన్నాను."

"ఎక్కడుంది?"

"బడినుంచి రాగానే కవరు చించుకుని, మేడమీద ఆరేసిన పరుపులు తీసుకొస్తానని పైకెళ్లిందండీ," అంది తల్లి. నా ముఖం చూసి ఆవిడ ముఖమూ మారింది.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. మేడమీద వరసగా ఆరేసిన పరుపులు, వాటి అవతల ఇనుప కమ్మీ. ఎనిమిదేళ్ల పిల్ల కమ్మీకి అవతల, జానెడు గట్టుమీద నిలబడి ఉంది. రెండు చేతులకూ రెక్కలు, ఊలు దారంతో కట్టుకుంది. అట్ట గాలికి టపటపలాడుతోంది. పిలుద్దామని నోరు తెరిచాను. ఏమని పిలవను? పేరు కూడా అడగలేదు నేను.

"పాపా," అన్నాను మెల్లగా. "నేను నీలిగుర్రం నుంచి వచ్చాను."

తల తిప్పింది. "నిజంగా?"

"నిజంగానే. నీ ఎడమ రెక్క తప్పు అచ్చు పడింది తల్లీ. అచ్చు తప్పితే మార్చి ఇస్తామని వెనక అట్టమీద ఉంటుంది, చూశావా?"

"ఉంటుంది. అడుగున, చిన్న అక్షరాల్లో." ఎడమ చెయ్యి ఎత్తి అనుమానంగా చూసుకుంది. "ఎక్కడ తప్పింది?"

"లోపలికి వస్తే చూపిస్తాను. తప్పుదానితో ఎగరకూడదు, వంకరగా పోతావు."

ఆలోచించింది. పదేళ్లుగా పిల్లలకు సరుకు అంటగట్టిన నోరు, ఆ ఒక్కసారికి దేవుడి దయవల్ల పనికొచ్చింది. ఒక కాలు కమ్మీమీదుగా ఇవతలికి వేసింది. నేను దుమికి నడుము పట్టుకుని లాగేశాను. ఇద్దరం పరుపుల మధ్య పడ్డాం. వెనకే వచ్చిన తల్లి, "మిత్సుయో!" అని ఒక్క కేక పెట్టి, పిల్లను వాటేసుకుని, వీపుమీద నాలుగు బాది, మళ్లీ వాటేసుకుంది.

"మరి కొత్త రెక్క ఎప్పుడిస్తారు పిన్నీ?" అంది మిత్సుయో ఏడుస్తూనే. "ముందు స్నేహితుల కార్డులు అడిగి తెచ్చుకుని నా పేరుతోనే మూడు రాశాను. ఎగురుతానని మూడింట్లోనూ రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అన్నయ్య పేరు పెట్టాకే వచ్చింది."

అప్పుడు గుర్తుకొచ్చింది నాకు గోనెసంచి.

రెక్కలు రెండూ చించి చేతిలో పట్టుకుని స్టేషన్ దగ్గరి ఫోను దాకా పరుగెత్తాను. "సార్, ఆడపిల్లల కార్డుల సంచి జాగ్రత్త చేయండి. ప్రతి కార్డూ చదవాలి. ఇలాంటి వాళ్లు ఇంకెందరున్నారో!"

"అదా? మధ్యాహ్నం పాతకాగితాల బండివాడు పట్టుకెళ్లాడు," అన్నారు కురొయివాగారు. "బదులుగా మరుగుదొడ్డి కాగితం చుట్టలు నాలుగిచ్చాడు. అన్నట్టు ఆ కుర్రాడి మాట పోస్టర్‌కు పంపేశాను. 'రెండో రెక్క రాగానే ఎగురుతాను.' రాత్రికల్లా అన్ని స్టేషన్లలో అంటిస్తారు."

ఫోను నా చేతిలోంచి జారి తీగకు వేలాడింది.

పక్కనే పత్రికల బడ్డీ. కొందరు దుకాణదారులు ఒకరోజు ముందే కట్టలు విప్పేస్తారు, మాకు తెలిసే ఊరుకుంటాం. ముందు వరసలో నీలిగుర్రం, వంద యెన్లు, లోపల ఎడమ రెక్క. బడి సంచితో ఒక పిల్ల గుప్పెట విప్పి నాణెం ఇచ్చి, ఒకటి తీసుకుని పట్టాలు దాటే వంతెన మెట్లెక్కి పోతోంది.

"ఎన్నున్నాయి మీ దగ్గర?" అని అరిచాను.

"పదకొండు మిగిలాయమ్మా," అంది బడ్డీ పెద్దావిడ.

"అన్నీ ఇచ్చేయండి."

పర్సు బోర్లించాను. ఆవిడ సంబరంగా కట్ట కట్టి ఇచ్చింది. నేను ఆ పిల్ల వెంట పరుగెత్తబోతుంటే, వెనకనుంచి ఆవిడ ఫోనులో టోకు వర్తకుడితో అంటున్న మాట వినిపించింది.

"నీలిగుర్రం పెట్టీపెట్టగానే అయిపోయిందయ్యా. పొద్దున్నే ఇంకో యాభై పంపించు."