నేలలో వదిలేసిన కాడలు

ఇలా రా తల్లీ, పొయ్యి దగ్గరికి జరిగి కూర్చో. మీ అమ్మకు గొప్పలు చెప్పుకోవడం రాదు కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి.

అప్పుడు మీ అమ్మ స్కిర్మాంతె విల్నియస్ నగరంలో చదువుకుంటోంది. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు చేతిలో ఎప్పుడూ ఒకటే పుస్తకం. మనిషి బుర్ర తనను తానే ఎలా మోసం చేసుకుంటుందో అందులో రాశారట. నాకున్నది నాలుగో తరగతి చదువు. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే తను పైకి చదివి వినిపించేది.

ఆ ఆదివారం అడవిలో ఏరిన ఆకుపచ్చ పుట్టగొడుగులు వేయించాను. మీ ముత్తాత పొవిలాస్ అప్పటికే ఫోర్కు పట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మమ్మా, ఇవి మంచివేనని నీకెలా తెలుసు?" అంది మీ అమ్మ.

"అరవై ఏళ్లుగా ఏరుతున్నానే. ఎవరైనా పోయారా?"

"అదే కదా ఇందులో రాసింది. మనం నమ్మినదాన్ని ఔననే గుర్తులే చూస్తామట, కాదనేవి వెతకమట. వీటిలో విషపుది కలిసి ఉంటే ఏం కనిపించాలి?"

"కాడకు ఉంగరంలాంటి పొర. అడుగున తెల్లటి సంచి."

"మరి కాడలేవి?"

నా చెయ్యి ఆగిపోయింది. బుట్టలో మట్టి పడకూడదని మా అమ్మ నేర్పినట్టే కాడను నేలలోనే వదిలేసి గొడుగును మాత్రం కత్తితో కోస్తాను. పొరైనా సంచైనా కాడతోపాటు అడవిలోనే ఉండిపోతుంది.

"పెనం తీసి దాచేద్దాం," అంది మీ అమ్మ.

"నా వంటను దాస్తావా? అడవికి పద, చూపిస్తాను," అని గదమాయించాను.

"తాతయ్యా, మేమొచ్చేదాకా ముట్టుకోకు."

"పుస్తకాలు చదివేవాళ్లకు ఆకలుండదు గానీ నాకుందమ్మా. త్వరగా రండి," అన్నాడాయన.

బర్చ్ చెట్ల కింద కోసిన మొదళ్లను కత్తితో తవ్వాం. మొదటిది నున్నటి కాడ. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"చూశావా, పండితురాలా?"

"ఇంకెన్ని?"

"ఆ ఓక్ చెట్టు కింద ఒకటి. ఎందుకులే, పద."

"అదీ చూద్దాం అమ్మమ్మా."

తవ్వాను. కాడకు చిరిగిన పొర వేలాడుతోంది. అడుగున పగిలిన గుడ్డు పెంకులా తెల్లటి సంచి. ఇద్దరం ఇంటివైపు పరుగు తీశాం. ఆ వయసులో అంత దూరం ఎలా పరిగెత్తానో నాకిప్పటికీ తెలియదు.

తలుపు తీసేసరికి పొవిలాస్ బల్ల ముందు ఉన్నాడు. పెనం మీద మూత లేదు. ఆయన చేతిలో ఫోర్కుంది.

"తిన్నావా?" అని అడిగాను.

"ఎలా తినను? వీటిలోకి పుల్లమీగడ ఎక్కడ పెట్టావో చెప్పకుండా పోయావు. ఇల్లంతా వెతికి ఇప్పుడే కూర్చున్నాను. ఇక ఉత్తవే తినేద్దామనుకుంటున్నా."

మీగడ నేలమాళిగలో ఉంది. మీ అమ్మ పెనం లాక్కుని పారబోయడానికి బయటికి పోయింది. ఆయన సణుక్కుంటూ రొట్టె కోసుకున్నాడు.

ఆ సాయంత్రం పుస్తకంలోని ఆ పేజీని మీ అమ్మచేత రెండుసార్లు చదివించుకున్నాను.

రేపు నీ పిల్లల్ని అడవికి తీసుకెళ్లినప్పుడు మీ ముత్తాత మీగడ వెతుక్కున్న సంగతి చెప్పు తల్లీ. కాడను మొదలంటా తవ్వి తీయమని చెప్పు. మర్చిపోవుగా?